నిప్పుకొండకు ముందు ఎక్కిన గుట్ట

జావా దీవిలో నిప్పుకొండ ఎక్కివచ్చానని మా బంధువర్గంలో నాకు కొంచెం పేరుంది. పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళకు నన్ను పరిచయం చేసేటప్పుడు నా ఉద్యోగం కంటే ముందు ఆ మాటే చెబుతారు. నేనూ అడగడమే తరువాయి, అందుకుంటాను. అర్ధరాత్రి బయలుదేరడం, కాళ్ళ కింద బూడిద జారడం, గంధకం కంపు, తెల్లవారుజామున ఎర్రగా కనిపించిన ఆ నోరు. చెప్పీ చెప్పీ ఆ కథ నాకు కంఠతా వచ్చేసింది.

ఇప్పుడు రాస్తున్నది ఆ కథ కాదు. ఆ కొండకు తయారవడానికని ఖతార్‌లో ఒక గురువారం మధ్యాహ్నం బయలుదేరి శుక్రవారం మధ్యాహ్నానికి తిరిగివచ్చిన చిన్న ప్రయాణం. రానూపోనూ కలిపినా రెండు వందల కిలోమీటర్లు ఉండదు. దీన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెప్పలేదు.

ముషైరిబ్

తొంభైల నడిమి రోజులు. దోహాలో ఒక కట్టడాల కంపెనీలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ముషైరిబ్‌లో ఒక దర్జీ కొట్టు మీద మేడగదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. నా పక్క మంచం రహ్మత్‌ది. జావా మనిషి, మా కంపెనీలోనే సర్వేయరు. వాళ్ళ ఊరి వెనకే నిప్పుకొండ. దాని గురించి అతను ఇంట్లో ఉన్న ముసలి మేనత్త గురించి చెప్పినట్టు చెప్పేవాడు. ఈ ఏడు కాస్త శాంతంగా ఉందట, పోయినేడు రెండుసార్లు విసుక్కుందట. పగలు మబ్బు కమ్మేస్తుంది గనక రాత్రిపూటే ఎక్కాలట. అర్ధరాత్రి బయలుదేరి చీకటి ఉండగానే అంచు చేరి, లోపలి నిప్పు చూసి, ఎండెక్కేలోగా దిగిపోవాలని చెప్పాడు.

మాది నెల్లూరు వైపు, సముద్రం ఒడ్డున ఉప్పు మళ్ళ ఊరు. మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైనది కొఠారు దగ్గర పోసిన ఉప్పు కుప్ప. అలాంటివాడికి నిప్పుకొండ అనేసరికి మతిపోయింది. "సెలవుకి నాతో రా, మా అమ్మ వండిపెడుతుంది," అని రహ్మత్ అన్నదే ఆలస్యం, ఆఫీసు ట్రేసింగ్ కాగితం మీద కొండను నిలువునా కోసినట్టు బొమ్మ గీసేశాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నీళ్ళు తాగాలో, ఎన్ని గంటలకు ఎక్కడుండాలో గుర్తులు పెట్టాను. గదిలో వాళ్ళు కొండ ఇంకా పేలలేదా అని రోజూ ఆటపట్టించేవాళ్ళు. నేను మాత్రం ఆ కాగితాన్ని మంచం పక్క గోడకు అంటించి దేవుడి పటానికిచ్చినంత మర్యాద ఇచ్చాను.

రహ్మత్‌కు ఒకటే బెంగ. "నువ్వు ఈ మేడ మెట్లకే రొప్పుతావు. ఒక్క రాత్రైనా చీకట్లో, టార్చి లేకుండా, వదులు రాళ్ళ మీద ఎక్కి దిగాలి. లేకపోతే నిన్ను మోసుకుని దిగాల్సింది నేనే," అన్నాడు. ఖతార్ చూస్తే దోసె పెనంలాంటి దేశం. గుట్టల్లాంటివి ఉన్నది పడమటి ఒడ్డున, దుఖాన్ దగ్గర మాత్రమే. అక్కడికి వెళ్ళాలంటే బండి కావాలి.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. ఆ దేశంలో కంపెనీ సెలవిస్తే సరిపోదు. దేశం దాటాలంటే యజమాని సంతకం పెట్టిన కాగితం ఉండాలి. దాన్ని ఖురూజ్ అంటారు. అది లేకపోతే చేతిలో టికెట్టున్నా విమానం ఎక్కనివ్వరు. నా సెలవు అప్పటికే రెండేళ్ళుగా వాయిదా పడుతూ వస్తోంది. పాస్‌పోర్టుల పనులు చూసే సూడానీ మందూబ్ నన్ను పక్కకు పిలిచి, "ఈసారి సంతకం పడుతుంది. పడేదాకా తల వంచుకుని ఉండు. ఎవరైనా అరబ్బు నీమీద ఒక్క మాట కంపెనీలో చెప్పాడంటే ఖురూజ్ మాఫీ," అని చెప్పాడు. మాఫీ అంటే లేదని అర్థం. ఆ మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది.

బండి దొరికింది ఓబులేసు వల్ల. రాయచోటి దగ్గర పల్లెటూరివాడు. ఒక అరబ్బు కుటుంబంలో తొమ్మిదేళ్ళుగా హౌస్ డ్రైవర్. ఇంటి పెద్దాయనను పనివాళ్ళంతా బాబా అంటారు. ఆ బాబా ఓబులేసు భార్యకు కూడా తమ ఇంట్లోనే పని ఇచ్చి వీసా తీస్తానన్నాడు. ఆ అర్జీ ఇంగ్లీషులో నింపింది నేనే. పేరు లక్ష్మీదేవి, వయసు ఇరవై తొమ్మిది, పిల్లలు అన్నచోట ఏం రాయమంటావని అడిగితే, "లేరనే రాయన్నా. పెండ్లయి తొమ్మిదేండ్లు. నేను ఇంటికాడ ఉండింది అంతా కూడితే ఎనిమిది నెలలు," అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి నేను కూడా నవ్వాను. వీసా ఇంకో నెలలో వస్తుందని బాబా చెప్పాడట.

ప్రతి గురువారం ఓబులేసు దుఖాన్ దారిలో షహానియాలో ఉన్న బాబా ఒంటెల దొడ్డికి తవుడు, బార్లీ తీసుకెళ్ళి, రాత్రి అక్కడే పడుకుని శుక్రవారం నమాజు వేళకు దోహా చేరతాడు. ఆ వారం ఇంట్లోవాళ్ళు సౌదీలో పెళ్ళికి వెళ్ళారు. పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. ఇంతకంటే మంచి అదను దొరకదని నేనే తేల్చేశాను.

షహానియా

పెద్ద జీపు. వెనక బస్తాలు, వాటి మీద రహ్మత్, ముందు నేను. ఊరు దాటగానే ఒక మలయాళీ కొట్టు దగ్గర ఆగాం. అర రియాలుకి పాలు మరిగించి ఏలకులు దంచివేసిన టీ, రియాలుకి గుడ్డు చుట్టిన పరాటా. అప్పట్లో రియాలంటే మన పది రూపాయలకు కాస్త అటూ ఇటూ. మా ఊళ్ళో పది రూపాయలకు నలుగురం టిఫిన్ తినేవాళ్ళమని నేను లెక్కలు తీస్తుంటే, "నువ్వు ఈడికొచ్చి నాలుగేండ్లయినా ఇంగా రూపాయల్లోనే తింటాండావన్నా," అని ఓబులేసు ఎగతాళి చేశాడు.

దొడ్డిలో ఒంటెలు చూసుకునేది మల్లయ్య. జగిత్యాల దగ్గరివాడు. చుట్టూ ఇనుప కంచె, ఒక రేకుల గది, ఇరవై దాకా ఒంటెలు. వాటిలో పందెపు ఒంటె ఒకదాన్ని చూపించి ధర చెప్పాడు. నా జీవితకాలం జీతం కూడా దానికి చాలదు. దానికి రోజూ ఖర్జూరాలు, తేనె, పాలు పెడతారట.

"గిది తినేది నా బిడ్డ తినది," అన్నాడు మల్లయ్య దాని మెడ నిమురుతూ. ఆ మాటలో కుళ్ళు లేదు, ఉన్న సంగతి చెప్పాడంతే. "ఇంటికాడ నన్ను దుబాయిల ఉన్నడంటరు. దుబాయి నేనెన్నడు సూడలే. ఒంటెల మొకాలే సూత్తున్న."

అన్నం వండి పచ్చిపులుసు చేశాడు. చింతపండు లేక, అరబ్బులు కూరల్లో వేసే నల్లటి ఎండు నిమ్మకాయను నీళ్ళలో పిసికాడు. మొదటి ముద్దకు చేదనిపించింది, మూడో ముద్దకు ఇంకా కావాలనిపించింది. ఓబులేసు తెచ్చిన చెనిక్కాయల పొడి రహ్మత్ చేత్తో ఎత్తుకుని తినేశాడు. వాళ్ళ దేశంలోనూ వేరుశనగతో ఇలాంటిదేదో చేస్తారట. నాలుగు ఊళ్ళవాళ్ళం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తిన్నాం. ఖతార్‌లో నేను తిన్న మంచి భోజనాల్లో అదొకటి.

భోజనం అయ్యాక దుఖాన్ మాట ఎత్తాను. ఓబులేసు చేతులు కడుక్కుంటూ ఆగిపోయాడు.

"ఈడిదాకే అన్నా నాకు చెప్పింది. ఇంగ ముందుకు పోతే బాబాకు మాట దప్పినట్ల. గదిలో ఉన్నప్పుడు సరే అన్న్యా గానీ, ఈడికొచ్చినాక మనసు ఒప్పల్యా."

అప్పుడు ఆగి ఉండాల్సింది. బదులుగా వేళాకోళం మొదలుపెట్టాను. "లక్ష్మీదేవి వచ్చాక నిన్ను గుమ్మం దాటనిస్తుందా? ఇదే నీ ఆఖరి షికారు. గంటన్నరలో వెళ్ళొచ్చేస్తాం, నీ బాబాకు కలలో కూడా తెలియదు," అన్నాను. రహ్మత్‌కు మాట అర్థం కాకపోయినా అతనూ నవ్వాడు. పెళ్ళాం పేరు ఎత్తితే ఓబులేసు మెత్తబడతాడని నాకు తెలుసు. మెత్తబడ్డాడు. తాళాలు తీసుకున్నాడు.

జీపు ఎక్కుతుంటే మల్లయ్య కిటికీ దగ్గరకు వచ్చాడు. "రోడ్డు ఇడిసి తెల్లజాగల దిక్కు మాత్రం పోకున్రి. మొన్న వాన వడ్డది. పైకి సాపుగ కనవడ్తది, లోపట మెత్తగుంటది."

"ఉప్పు నేల సంగతి నాకు చెప్పకు మల్లయ్యా. మేం పుట్టిందే ఉప్పులో," అన్నాను.

గుట్ట మీద

దుఖాన్ దారిలో పొద్దు గుంకింది. రోడ్డు మీద మేము తప్ప ఎవరూ లేరు. ఎప్పుడో ఒక ట్యాంకరు ఎదురయ్యేది. నూనె కంపెనీ కంచెలు రాకముందే రోడ్డు దిగి బండ్ల జాడ పట్టుకుని నాలుగైదు కిలోమీటర్లు పోయాం. ఆ జాడ ఒక పెద్ద తెల్లటి మైదానాన్ని చుట్టి గుట్ట కాళ్ళ దగ్గరకు చేరింది. పౌర్ణమి వెళ్ళి రెండు రోజులే అయింది. చంద్రుడు ఆలస్యంగా వస్తాడు కాబట్టి మాకు కావలసిన చీకటి దొరికింది.

నా నిప్పుకొండ శిక్షణ గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. గుట్ట మహా అయితే తాటిచెట్లు నాలుగు నిలబెట్టినంత ఎత్తు. రహ్మత్ ముందు, నేను మధ్య, చెప్పులేసుకున్న ఓబులేసు వెనక. వదులు రాయి జారి రెండుసార్లు బోర్లా పడ్డాను. అరచేయి గీసుకుపోయింది. కొత్త బూట్లు మడమను కొరికేశాయి. ఇరవై నిమిషాల్లో పైకి వెళ్ళాం. రహ్మత్ దిగమన్నాడు, మళ్ళీ ఎక్కమన్నాడు. అలా మూడుసార్లు. మూడోసారి పైకి చేరేసరికి నాకు మాట పెగల్లేదు. ఓబులేసు మాత్రం మూడుసార్లూ తోడొచ్చాడు. "నువ్వు ఆడికిపొయ్యి పడితే నేను చూసేదానికి రాలేను గదా, ఈడన్నా పట్టుకుంటా," అన్నాడు.

పైనుంచి దూరంగా నూనె బావుల దగ్గర మండుతున్న గ్యాసు మంట కనిపించింది. ఆకాశం ఆ మేరకు కెంపుగా ఉంది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఇట్లుంటాదా అన్నా నువ్వు జూడబొయ్యే కొండ?"

"దీనికి వెయ్యింతలు."

"మాకాడ సున్నం బట్టీ గూడా రాత్రిపూట ఇట్లే కనపడ్తాది," అన్నాడు తేలిగ్గా. తరవాత తన గది గురించి చెప్పుకొచ్చాడు. గోడలకు తెల్ల సున్నం కొట్టాడట. చిన్న గ్యాసు పొయ్యి కొన్నాడట. తొమ్మిదేళ్ళుగా బండి అద్దంలోనే గడ్డం గీసుకుంటున్నవాడు, మొన్న బజారులో పెద్ద అద్దం కొన్నాడట. "ఆడమనిషి వస్తాంది గదన్నా. అద్దం లేకుంటే ఎట్ల?" అన్నాడు. ఆ చీకట్లో అతని గొంతులో సిగ్గు వినిపించింది. నాకు నిజంగానే సంతోషం వేసింది. అది ఒప్పుకోవాలి, ఎందుకంటే తరవాత చేసినదంతా ఆ సంతోషం వేసిన మనిషే చేశాడు.

తెల్లని నేల

దిగేసరికి చంద్రుడు వచ్చాడు. మైదానం వెన్నెల్లో అచ్చం మా ఊరి మడిలాగే తెల్లగా మెరుస్తోంది. దాని అవతల రోడ్డు మీద పోయే బండి దీపం ఒకటి కనిపించింది. చుట్టూ తిరిగి వెళ్తే అరగంట. అడ్డంగా వెళ్తే పది నిమిషాలు. ఓబులేసు దొడ్డికి త్వరగా చేరాలని తొందరపడుతున్నాడు, నాకు మడమ మంట. "అడ్డంగా పోనీ," అన్నాను.

ఓబులేసు బండి ఆపి దిగాడు. కాలితో నేలను తట్టాడు. "పదును కొడ్తాంది అన్నా, లోపల తడుంది. వచ్చిన దావనే పోదాం."

నేను దిగి ఆ తెలుపు మీద యాభై అడుగులు నడిచాను. నిలబడి రెండు కాళ్ళతో గట్టిగా తొక్కి చూపించాను. ఉప్పు పెళుసుగా కరకరలాడింది గానీ నేల కదల్లేదు. మా ఊళ్ళో ఉప్పు తేలిన మడి అడుగు సిమెంటు చేసినట్టుంటుంది. బస్తాలు మోసేవాళ్ళు దానిమీద పరిగెడతారు. అదే చెప్పాను. ఇంకా ఏదో చెప్పాను, మా నాన్న, మా తాత అంటూ.

"సరే. ఉప్పు మళ్ళ మనిషివి, నీకే బాగా తెలిసుంటాది," అని ఓబులేసు బండెక్కాడు.

రెండు వందల గజాలు పోయాక ముందు చక్రాలు మెత్తగా కిందికి దిగాయి, ఎవరో మెల్లగా కూర్చోబెట్టినట్టు. వెనక్కి తిప్పితే వెనకవీ దిగాయి. తలుపు తెరిస్తే అంచు వరకు నల్లటి బురద.

మా ఊరి మడి గట్టిగా ఉండటానికి కారణం ఆ బురదలో నిలబడగానే గుర్తొచ్చింది. ఉప్పు కాలం రాకముందు ఆడామగా వరసకట్టి రోజుల తరబడి మడి అడుగును కాళ్ళతో తొక్కుతారు. మా అమ్మ తొక్కింది. చిన్నప్పుడు నేనూ తొక్కాను. ఆ నేల అలా పుట్టలేదు, జనం తొక్కి తయారుచేశారు. ఇక్కడ ఎవరు తొక్కారు? పుట్టి పెరిగిన ఊరి సంగతి కూడా సగమే తెలుసుకుని, ఆ సగంతో ఇంకొకడి బండిని ముంచాను.

రాత్రంతా తవ్వాం. కాళ్ళ కింద వేసుకునే మ్యాట్లు, గోనెసంచులు, చివరికి నా చొక్కా కూడా చక్రాల కింద పెట్టాం. ఎంత తవ్వితే అంత దిగింది. ఓబులేసు తాగడానికి తెచ్చిన నీళ్ళతో బండి రంగు మీద పడ్డ ఉప్పు బురద కడుగుతూ ఉండిపోయాడు. వద్దని ఎంత చెప్పినా ఆపలేదు.

పొద్దున

తెల్లవారాక రోడ్డు వైపు నుంచి ఒక పికప్పు వచ్చి జాడ మీదే ఆగింది. అందులోని అరబ్బు దిగి మమ్మల్ని చూడలేదు, బండి నంబరు చూశాడు. ఆ దేశంలో నంబరును బట్టి బండి ఎవరిదో చెప్పేస్తారు. వెంటనే పికప్పు తిప్పుకుని వెళ్ళాడు, కబురు అతనే అందించి ఉంటాడు. ఎండ నెత్తికెక్కకముందే, ఇరుక్కున్న బండ్లను లాగే బండితో పాటు బాబా వచ్చాడు.

సన్నటి మనిషి, డెబ్బై దాటిన వయసు. చిన్నప్పుడు బొంబాయితో వ్యాపారం చేసిన కుటుంబం, హిందీ మనకంటే శుభ్రంగా మాట్లాడతాడు. మా దగ్గరకు రాకుండా ముందు నేల చూస్తూ నడిచాడు. బండి జాడ వెంట వెనక్కి, అది తెల్లనేల మీదికి దిగిన చోటుదాకా వెళ్ళాడు. అక్కడ వంగి చాలాసేపు చూశాడు. ఏం చూస్తున్నాడో నాకు ఆలస్యంగా వెలిగింది. చక్రాల జాడ కింద, దానికంటే ముందే పడ్డ ఒక మనిషి అడుగులున్నాయి. ఒకచోట నిలబడి గట్టిగా తొక్కిన అచ్చులున్నాయి. బాబా తిరిగివచ్చి మా ముగ్గురి కాళ్ళకేసి చూశాడు. ఓబులేసువి చెప్పులు. రహ్మత్‌వి నున్నగా అరిగిన పాత బూట్లు. నా కొత్త బూట్ల దగ్గర ఆయన చూపు ఆగింది.

ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది.

"ఇటు పొమ్మని ఎవరు చెప్పారు?" అని అడిగాడు హిందీలో. చూసింది మాత్రం నన్ను.

మందూబ్ మాట గుర్తొచ్చింది. ఒక్క అరబ్బు, ఒక్క మాట. రెండేళ్ళు ఎదురుచూసిన సంతకం. గోడ మీది కాగితం. తల వంచుకున్నాను.

"నేనే బాబా," అన్నాడు ఓబులేసు. "తొందరగా పోదామని నేనే దింపినా."

"నువ్వు తొమ్మిదేళ్ళు నా బండి నడిపావు. సబ్ఖాలోకి, ఈ ఉప్పు నేలలోకి, ఎప్పుడూ దింపలేదు. ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పల్యా బాబా."

మూడోసారి అడిగాడు. ఈసారి ఓబులేసు వైపు అసలు తిరగలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడి, అదే మాట, మెల్లగా. నేను నా గీసుకుపోయిన అరచేయి చూసుకుంటూ నిలబడ్డాను. బాబా తల ఊపి లాగేబండి వైపు వెళ్ళిపోయాడు.

నన్నూ రహ్మత్‌నూ దుఖాన్ రోడ్డు మీద దింపేశారు. బస్సులో రహ్మత్ అడిగాడు. అతనికి హిందీ రాదు. "ముసలాయన నిన్ను ఏమడిగాడు?"

"బండి లోపలికి నీళ్ళు పోయాయా అని," అన్నాను. అతను నమ్మాడు. కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

తిరిగి వచ్చాక

వారం తిరక్కుండానే ఓబులేసు ముషైరిబ్ గదికి వచ్చాడు. చేతిలో సూట్‌కేసు లేదు గానీ మొహం చూడగానే అర్థమైంది. వీసా రద్దు, ఎల్లుండి ప్రయాణం. లక్ష్మీదేవి కాగితాలు బాబా వెనక్కి తీసుకున్నాడు.

మంచం మీద కూర్చోమంటే కింద కూర్చున్నాడు. నేను కూడా కింద కూర్చున్నాను. ఏదో అనబోయాను, "నేను ఆ రోజు..." అని.

"ఊరుకోన్నా. నువ్వు చెప్పింటే నీ కాగితం ఆగిపోయేది. అది తెలిసే చెప్పినా. నాదేముంది, ఇంటికే గదా పోయేది," అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు. "ఆమెకు జాబు రాసినా, రావొద్దని. ఏం రాయాల్నో తెలియక బండి చెడిపొయిందని రాసినా."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రెండు చెంపలూ వాయించి ఉంటే ఇంకా బాగుండేది. గోడ మీది నా కొండ బొమ్మకేసి చూసి, "జాగ్రత్తగా ఎక్కు," అని చెప్పి వెళ్ళాడు. విమానాశ్రయానికి నేను వెళ్ళలేదు. డ్యూటీ ఉందని చెప్పాను. డ్యూటీ ఉన్నమాట నిజమే, మార్చుకోవచ్చు కూడా.

ఆ తరవాత ప్రతి సాయంత్రం బాబా ఇంటికి వెళ్ళి నిజం చెప్పాలనుకునేవాణ్ణి. ఈ రోజు కాదు, రేపు అనుకునేవాణ్ణి. ఎందుకు రేపో నాకు నేను చెప్పుకోలేదు. మూడు వారాలకు, ఒక మంగళవారం మధ్యాహ్నం మందూబ్ నవ్వుతూ నా బల్ల మీద ఖురూజ్ పెట్టాడు. కింద యజమాని సంతకం. ఆ సాయంత్రమే టాక్సీ మాట్లాడుకుని బాబా ఇంటికి వెళ్ళాను.

ముందుగదిలో తివాచీ మీద దిండుకు ఆనుకుని ఒక్కడే కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమని చెయ్యి చూపించాడు.

"ఆ రాత్రి బండిని అటు పొమ్మన్నది నేను. ఓబులేసు వద్దన్నాడు," అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"తెలుసు," అన్నాడు. "ఆ పొద్దుటే తెలుసు. బండి ఇనుము, కడిగితే పోతుంది. నేను అడిగింది బండి కోసం కాదు. మీలో ఒకడు నిజం చెప్పి ఉంటే ఓబులేసును ఉంచుకునేవాణ్ణి. రెండుసార్లు నా మొహం చూసి అబద్ధం చెప్పాడు. మంచివాడే. కానీ నా ఇంటి ఆడపిల్లల్ని ఆ బండిలో ఎలా పంపను?"

"నాదే తప్పు బాబా. అతన్ని మళ్ళీ పిలిపించండి."

"ఆ వీసా మీద ఇంకొకడు వచ్చాడు. వాడికీ ఇంట్లో పెళ్ళాముంది. ఇప్పుడు వాణ్ణి పంపేయనా?"

బయట కొత్త డ్రైవరు బండి తుడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. బాబా నావైపు వంగాడు.

"ప్రయాణం ఉందా నీకు?"

"ఉంది బాబా. వచ్చే గురువారం."

"ఖురూజ్ వచ్చిందా?"

"వచ్చింది."

"ఎప్పుడు?"

అబద్ధం చెప్పొచ్చు. పోయిన వారం అనొచ్చు. అక్కడ మాత్రం నోరు నిజమే చెప్పింది. "ఈ రోజే," అన్నాను.

ఆయన కోప్పడలేదు. పక్కనున్న పాత్ర ఎత్తి చిన్న గిన్నెలో కాఫీ వంచాడు. ఏ అతిథికైనా పోసినట్టే పోసి, కుడిచేత్తో నాకు అందించాడు.

తీసుకున్నాను. తాగాను కూడా. వద్దు బాబా, నాకు తగదు అనే ధైర్యం కూడా నాకు లేకపోయింది.